జకర్యా మాస్టారు మాటిస్తే

జకర్యా మాస్టారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. చిన్నపిల్లలకు ఇచ్చిన మాట తప్పలేరు. పెద్దవాళ్ళ సంగతి వేరు. కమిటీకి వస్తానని హెడ్మాస్టరుకు చెప్పి ఇంట్లో హాయిగా నిద్రపోయిన రోజులున్నాయి. కానీ వినేవాళ్ళ వయసు ఆరేళ్ళలోపు ఉందా, ఆయన నోట వచ్చిన ప్రతి ముక్కా శాసనమే.

బోయిగూడలో మా బడిలో ఆయన ఒకటో తరగతికి, నేను మూడో తరగతికి పాఠాలు చెప్పేవాళ్ళం. ఒకనాడు పిల్లల గోల భరించలేక, "మీరు అయిదు నిమిషాలు నోరు మూసుకుంటే నేను గాడిదెక్కి ఊరేగుతాను" అనేశారు. ముప్పై ఒక్కమందీ ఊపిరి బిగబట్టి పది నిమిషాలు కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆయన నిజంగానే గాడిదెక్కారు. మనిషి మంచి భారీ. గాడిద ఎవరికీ మాటివ్వలేదు కనుక నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

తల్లిదండ్రులనూ వదిలేవారు కాదు. ఎవరైనా పిల్లకు "రేపు బొమ్మ కొనిస్తా" అన్నారని తెలిస్తే, ఆ ఇంటికే వెళ్ళి, "రేపంటే ఏ వారమండీ?" అని అడిగేవారు. మా పేటలో పెద్దవాళ్ళు పిల్లల ముందు రేపు అనే మాటే మానేశారు.

ఆయనకు తగిన శిష్యురాలు కాంతమణి. ఆకుకూరలమ్మే బాలమ్మ మనవరాలు. అయిదేళ్ళుంటాయి.

"ఇయ్యాల వాన రాదన్నరు సార్. బయట ఆడుకుందాం అన్నరు. వచ్చింది. మీరు అబద్ధం చెప్పిన్రు" అంది ఒకసారి.

నేనైతే నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆయన దాని ముందు నేలమీద చతికిలబడ్డారు. "వాన నా చేతిలో లేదమ్మా. నా చేతిలో ఉన్నదానికే నేను మాటివ్వగలను."

కాంతమణి ఆయన చేతివైపు చూసింది. "గొడుగు మీ చేతులనే ఉంది గద సార్."

ఆ పూట ఆయన ఒక్కొక్క పిల్లకూ గొడుగు పట్టి, వంతులవారీగా వానలో ఆడించారు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో ఊరంతా పుకార్లతో ఉడుకుతోంది. శనివారం బడి వదిలేటప్పుడు ఆయన అలవాటుగా, "సోమవారం తొమ్మిదింటికి మీరు రావాలి, నేనూ ఉంటాను" అని అందరి చేతిలో చెయ్యేశారు. సోమవారం తెల్లారేసరికి భారత సైన్యం నిజాం సరిహద్దు దాటిందని రేడియో చెప్పింది. దుకాణాలు మూసేశారు. బడి లేదని హెడ్మాస్టరు మాకు కబురు పెట్టారు. పక్కింట్లో జకర్యా మాస్టారు బూట్లు తొడుక్కుంటున్నారు.

"ఎక్కడికండీ?"

"బడికి."

"ఈ గొడవలో ఎవరొస్తారు? మీ పంతం పాడుగాను."

లేసులు బిగించి బయటికి నడిచారు. తిట్టుకుంటూ నేనూ వెనకే నడిచాను.

తాళం వేసిన గేటు ముందు, ఒళ్ళో పలక పెట్టుకుని కాంతమణి ఒక్కతే కూర్చుని ఉంది. మేము చేరిన కాసేపటికే బాలమ్మ రొప్పుతూ వచ్చింది. "ఎంత పరేషాన్ చేసినవే" అని పిల్లను గుండెకు హత్తుకుని, మాస్టారి వైపు తిరిగింది. "మీ మాటలు మీ దగ్గరనే పెట్టుకోండి సార్. గీ లొల్లిల పోరి ఒక్కతే గింత దూరం వచ్చింది. దానికేమన్న అయితే?"

ఆయన తల వంచుకున్నారు. "తప్పు నాదేనమ్మా" అని, మెల్లగా నాతో అన్నారు: "ముప్పై ఒక్కమందిలో ఒక్కరైనా వస్తారని రాత్రంతా భయమే మేబెల్ గారూ. వచ్చినవాళ్ళకు ఈ తాళం ఒక్కటే కనబడకూడదనుకున్నాను."

పంతమనుకున్నందుకు సిగ్గేసింది నాకు.

ఆయన కాంతమణి ముందు చతికిలబడ్డారు. "చూడమ్మా, మాట ఇద్దరిది. ఎవరికిచ్చావో వాళ్ళు వదిలేస్తే తప్పినట్టు కాదు. నేను వదిలేశాను. బడి తెరిచేదాకా నువ్వు రావద్దు."

"రాకున్నా అబద్ధం కాదా?"

"కాదు."

"మరి బడి తెరిచిన్రని నాకెట్ల తెలుస్తది?"

"రోజూ తొమ్మిదింటికి నేనే మీ గుమ్మం ముందుకొచ్చి చెప్తాను."

నేను తల పట్టుకున్నాను. ఆయన నోరు మళ్ళీ జారింది. పైగా మిగతా ముప్పై మందినీ మాట నుంచి వదిలెయ్యాలని ఆ పొద్దుటే ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ళూ అదే ప్రశ్న అడిగారు, ఆయనా అదే జవాబు చెప్పారు. ఇక రోజూ తొమ్మిదింటికి బయలుదేరడం, ముప్పై ఒక్క గుమ్మాలు ఎక్కడం. పైన విమానాలు మోగుతున్నా, "ఇవాళ బడి లేదమ్మా, ఇంట్లోనే ఉండు" అని చెప్పి రావడం. మాస్టారొస్తారని పిల్లలు ఇల్లు కదిలేవారు కాదు. తల్లులు ఆయనను చూసి కాస్త ధైర్యం తెచ్చుకునేవారు.

గురువారానికి ఆయన మడమ వాచిపోయింది. కాంతమణి గుమ్మం దగ్గర ఆ కాలి వైపు చాలాసేపు చూసింది.

"సార్, రేపు మీరు రాకండి. నేను వదిలేసిన."

"సరేనమ్మా. రాను" అన్నారాయన.

శుక్రవారం చూస్తే మళ్ళీ బూట్లు తొడుక్కుంటున్నారు.

"ఇవాళ సెలవు కదండీ?"

"కాంతమణి ఒక్కతే కదండీ వదిలేసింది. ఇంకా ముప్పై మంది ఉన్నారు."

ఆయన చెయ్యి పట్టుకుని నేనూ బయలుదేరాను. బాలమ్మ ఇంటి సందు దగ్గరికి రాగానే ఆయన ఆగి, వెనక్కి తిరిగి, దొడ్డిదారిన చుట్టూ నడిపించారు. రానని మాటిచ్చారట, ఆ గుమ్మం ముందు కనబడకూడదట. మేము దొడ్డిగోడ వెంబడి కుంటుకుంటూ పోతుంటే, లోపలినుంచి కాంతమణి గొంతు గర్వంగా వినిపించింది.

"చూసినవా అవ్వా. తొమ్మిదైంది. సార్ రాలే."