ఐదో మాట జగన్నాథం

క్రైస్తవుడికి జగన్నాథమనే పేరేమిటని ఎవరైనా అడిగితే, "బాప్తిస్మం నేను తీసుకున్నాను గానీ నా సర్వీసు పుస్తకం తీసుకోలేదు బాబూ" అనేవాడాయన. పలాస నుంచి వచ్చి బిలాస్‌పూర్ రైల్వే క్యారేజీ షెడ్డులో ఫిట్టరుగా స్థిరపడ్డవాడు. తనమీద తానే నవ్వుకోవడం ఆయనకి భోజనమంత ఇష్టం. అందులో ఎక్కువసార్లు చెప్పుకున్నది ఎనభై ఏడులో గుడ్‌ఫ్రైడే ముచ్చట.

ఆ రోజు మధ్యాహ్నం, ఏసు సిలువమీద పలికిన ఏడు మాటలమీద చర్చిలో ఏడుగురు ప్రసంగిస్తారు. ఐదోది, దాహమన్న మాట, పదకొండేళ్లుగా జగన్నాథానిదే. పొద్దుటినుంచి మంచినీళ్లయినా ముట్టేవాడు కాదు. గొంతు ఎండితేనే ప్రసంగం పండుతుందని ఆయనగారి సిద్ధాంతం! ఈసారి బాగా చెబితే సంఘపెద్దను చేస్తామని పాస్టరుగారు అన్నారు. ఇంకేం, వారంనుంచి మనిషి నేలమీద లేడు.

గంజిపెట్టిన తెల్లలాల్చీ తొడుక్కుని పట్టాల పక్కనుంచి బయల్దేరాడు. సిర్గిట్టి వైపు వెళ్లే ప్యాసింజరు బండి సిగ్నలు దొరక్క గంటనుంచి సరిగ్గా చర్చి ఎదురుగానే నిలిచిపోయింది. ఏప్రిల్ ఎండ పెట్టెల్ని కాల్చేస్తోంది. కిటికీలోంచి ఒక ముసలమ్మ నీళ్లకోసం ఖాళీ సీసా చాపింది.

"బేటా, థోడా పానీ."

వేళ మించిపోతోంది. పైగా లాల్చీ తడిస్తే? "ప్రార్థనా కరూంగా, మాఁజీ" అని, నీళ్లకి బదులు ప్రార్థన చేస్తానని మాటిచ్చేసి చక్కా పోయాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా తర్వాత చెంపలు వాయించుకునేవాడు.

నాలుగో మాట అయింది. భార్య కనకం జాడ లేదు. సంఘపెద్ద కాబోయేవాడి పెళ్లానికి ఈవేళ కూడా ఇంటిపనేనా అని పళ్లు నూరుకుంటూ పీఠమెక్కాడు. కళ్లు మూసుకుని, గొంతు వణికించి, "దాహం!" అన్నాడు. ముందువరసలో ఒకావిడ అప్పుడే కొంగుతో కళ్లొత్తుకుంది. ఆనందంగా కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి అదే బండి కనబడింది. కనకం తెల్లచీర కుచ్చిళ్లు ఎగ్గట్టి బొక్కెన మోసుకెళ్తోంది. ఆ ముసలమ్మ సీసా ఎత్తి గటగటా తాగుతోంది.

జగన్నాథానికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఏడు పేజీలు బట్టీపట్టినవాడికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ఓలమ్మో!" అన్నాడు మైకులోనే. పీఠం దిగి, గుమ్మం పక్కనున్న మంచినీళ్ల కుండ భుజానికెత్తుకుని బయటికి పరిగెత్తాడు. పెద్దరికం అక్కడితో సరి, గంజి లాల్చీ సంగతి సరేసరి.

ఒళ్లంతా తడుపుకుని వస్తున్న మొగుణ్ని చూసి కనకం ఆగింది.

"ఏటి, మీ ప్రసంగం అప్పుడే అయిపోనాదేటి?"

"ఇంకా మొదలెట్లేదే."

"మరైతే ఆ సివరి పెట్టెకాడికెల్లండి. అక్కడోలెవులూ ఇంకా తాగలేదు."