రికార్డు అట్ట మీది వంకర పన్ను

నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టకముందే మా అమ్మ నన్ను గుంటూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నావి ఎత్తుపళ్ళు. రెండేళ్ళు తీగలు కట్టించుకుని, అన్నం మెత్తగా పిసుక్కుని తిని, పలువరుస చక్కగా తెచ్చుకున్నాను. ఆ మురిపెంలో నేనూ పళ్ళ డాక్టర్నే అయ్యాను. పళ్ళు సరై ముప్ఫై ఏళ్ళు దాటినా, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. ఇది ముందే చెప్పడం దేనికంటే, ఇక్కడ సిడ్నీ పక్కన పారమట్టాలో నేను చేసిన తప్పుకి మూలం గుంటూరులోనే ఉంది.

ఆ పేషెంటుకి ఎనభై దాటాయి. బస్సు దిగుతూ పడి, పై వరసలో ముందు పన్ను సగానికి విరగ్గొట్టుకుని మా క్లినిక్‌కి వచ్చింది. విరిగిన ముక్క దొరకలేదు. కుర్చీలో కూర్చున్నాక నొప్పి ఊసే ఎత్తలేదు. "ఆరు వారాల్లో నేను ట్రంపెట్ వాయించాలి. వాయించగలనా లేదా, అది చెప్పండి డాక్టర్, చాలు," అంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

నాకు ట్రంపెట్ అంటే పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం. జాజ్ అంటే కాఫీ తాగుతుంటే వెనకాల ఏదో మోగుతుండటం. ఈ ఆస్ట్రేలియాలో జాజ్ బృందం ముందు ట్రంపెట్ పట్టుకుని నిలబడ్డ తొలి ఆడవాళ్ళలో ఆవిడ ఒకరని నాకేం తెలుసు?

పన్ను వేరు బాగానే ఉంది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే సరిపోతుంది. ఆ మూడు సిట్టింగుల్లో, నోట్లో దూది తీసినప్పుడల్లా ఆవిడ తన కథ ముక్కలుగా చెప్పేది. పుట్టింది ఉత్తరాన ఎక్కడో ఉన్న డార్విన్ ఊళ్ళో. వాళ్ళ నాన్న చర్చి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిని ఊదలేకపోతే, బ్యాండుకి లోటు రాకూడదని పన్నెండేళ్ళకే ఆ ట్రంపెట్ తను అందుకుంది. పంతొమ్మిదేళ్ళకి సిడ్నీ వచ్చేసింది. క్లబ్బుల్లో వాయిస్తానని అడిగితే, "పాడతావా?" అనేవారట. మూడేళ్ళలో మూడు చిన్న రికార్డులు చేసింది. తర్వాత ఎవరూ పిలవలేదు. నలభై ఏళ్ళు బడిపిల్లలకి సంగీతం చెప్పింది.

ఇప్పుడు ఎవరో యూనివర్సిటీ వాళ్ళు ఆ మూడు రికార్డులనీ శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. అందుకోసం ఒక ఆదివారం మధ్యాహ్నం నది ఒడ్డున చిన్న సభ. ఒక్క పాట వాయించమన్నారు. "కూర్చుని చప్పట్లు కొట్టించుకోవడానికైతే నేను వెళ్ళను," అంది.

"పన్ను ఎప్పట్లాగే పెట్టండి," అని కూడా అంది. నేను విన్నాను. విని ఏం చేశానయ్యా అంటే, విరిగినది కాస్త ముందుకి తిరిగి, పక్క పన్నుకి ఎడంగా ఉండేదని వేరు చూసి పోల్చుకున్నాను. అయ్యో, జన్మంతా ఇలాగే గడిపిందా అని జాలిపడ్డాను. సందు మూసేసి, తిన్నగా, ముత్యంలాంటి క్యాప్ చేయించి పెట్టాను. కానుక ఇస్తున్నాననుకున్నాను. అడగకుండా ఎదుటివాళ్ళని బాగుచెయ్యడం మనవాళ్ళకున్న జబ్బు, నాకు ఇంకాస్త ముదిరింది. ఆవిడ అద్దంలో చాలాసేపు చూసుకుని, "చాలా అందంగా ఉంది," అని మర్యాదగా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి ట్రంపెట్ పెట్టెతో గుమ్మంలో ఉంది. పెట్టె తెరిచి, పెదాలకి ఆనించి ఊదింది. గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. తడబడుతూ ఒక కూత వచ్చి మధ్యలో తెగిపోయింది.

"ఇది నా నోరు కాదు డాక్టర్," అంది. కోపంగా అన్నా బాగుండేది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. కొత్త క్యాప్‌ని మొదటి వారం ఊడొచ్చే సిమెంటుతోనే అతికించాలని మా మాస్టారు నేర్పిన పద్ధతి ఒక్కటే నన్ను కాపాడింది.

క్యాప్ తీసేసి, "పాత పన్ను కనిపించే ఫొటో ఏదైనా ఉందా?" అని అడిగాను. అన్ని ఫొటోల్లోనూ నోటికి ట్రంపెట్ అడ్డం. "ఒకటుంది," అంది. ఆ మధ్యాహ్నమే దిండుగలీబులో చుట్టుకుని తన మొదటి రికార్డు తెచ్చింది. అట్ట మీద పంతొమ్మిదేళ్ళ పిల్ల, నోరంతా తెరిచి నవ్వుతోంది. పన్ను వంకరగా, సందుతో సహా స్పష్టంగా ఉంది. ఫొటోగ్రాఫరు నోరు మూసుకుని నవ్వమన్నాడట.

"అందుకే తెరిచాను," అంది.

సాయంత్రం రికార్డు ఇంటికి తీసుకెళ్ళి మా అమ్మాయి ప్లేయర్ మీద పెట్టించాను. దానికి యూనివర్సిటీలో సంగీతమే చదువు. సంగతంతా విని నా మొహం కేసి చూసింది.

"అమ్మా, యూ ఫొటోషాప్డ్ హర్ మౌత్!"

"ఊరుకోవే, అసలే నేను చస్తున్నా."

"షట్ అప్ అండ్ లిసెన్, అమ్మా. దేర్! హియర్ దట్?"

ప్రతి స్వరం మొదట్లోనూ చిన్న ఊపిరి తాకిడి ఉంది, దానివెనకే శబ్దం వచ్చి నిలబడుతోంది. ఆ సందులోంచి వచ్చేదే అది. కానీ ట్రంపెట్ ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టుంది. ఎందుకని మర్నాడు ఆవిడనే అడిగాను. స్టూడియోలో ఒకటే మైకు, దాని చుట్టూ మగవాళ్ళు, ఆవిడని తలుపు దగ్గర నిలబెట్టారట. "రెండో రికార్డుకి ఎవరూ చూడకుండా నాలుగడుగులు ముందుకొచ్చాను. మూడోదానికి ఇంకో నాలుగు. మైకు దాకా చేరేలోపు పిలవడం మానేశారు."

ఆ తర్వాత రెండు వారాలు క్లినిక్‌లో మా భోజనాల వేళ ట్రంపెట్‌తోనే గడిచింది. ప్లాస్టిక్ క్యాప్ ఒకటి తయారుచేసి, అట్ట మీది బొమ్మని భూతద్దంలో చూస్తూ అరగదీసేదాన్ని. ఆవిడ ఊదేది. "ఇంకొంచెం ముందుకి." మళ్ళీ సరిచేసేదాన్ని. "దగ్గరకొచ్చింది, కానీ కాదు." పళ్ళు తిన్నగా చెయ్యడమే నేర్చిన చెయ్యి, వంకర తెమ్మంటే మొరాయించింది. ఐదోసారి ఊదినప్పుడు ఆ చిన్న ఊపిరి వినబడింది, వెనకే స్వరం నిండుగా వచ్చి గదిలో నిలిచింది. ఆవిడ ఆపలేదు. నా కళ్ళద్దాలు మసకబారిపోయాయి. ఆ వంకరనే అచ్చు తీసి అసలు క్యాప్ చేయించాను.

సభ జరిగే ఆదివారం మా అమ్మాయీ నేనూ ముందు వరసలోనే కూర్చున్నాం. మైకుకి రెండడుగులు వెనక ఆవిడకోసం కుర్చీ వేశారు. ఆవిడ ఆ కుర్చీని కాలితో పక్కకి నెట్టి, మైకుని ముట్టుకునేంత దగ్గరగా వెళ్ళి నిలబడింది. మొదట ఆ ఊపిరి. తర్వాత అరవై ఏళ్ళనాటి పాట, ఈసారి పక్కవీధిలోంచి కాదు. పాట చివర ఒకచోట గొంతు జీరబోయినట్టు స్వరం చెదిరింది, ఆవిడ దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్ళిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అయ్యాక మా అమ్మాయి ఫోన్ తీసి, "స్మైల్, బోత్ ఆఫ్ యూ!" అంది. ఆవిడ నోరంతా తెరిచింది. అలవాటుగా నా చెయ్యి పైకి లేచింది.

ఆ ఫొటో ఇప్పుడు మా క్లినిక్ గోడ మీద ఉంది. అందులో నా పళ్ళన్నీ కనిపిస్తున్నాయి, ఎందుకంటే నా చెయ్యి ఆవిడ గట్టిగా పట్టుకుంది.