బొట్టు పెట్టిన టేపురికార్డరు

బాగున్న టేపురికార్డరును విప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. మట్టెవాడ రాయమల్లుకు ఆ మాట చెప్పేదెవరు? మిల్లులో ఫిట్టరాయె! ఎనభై మూడులో, దసరా ముందురోజు ఆయుధపూజకని స్పానర్లన్నీ తుడిచాడు. చేయి ఊరుకోక టేపురికార్డరు కూడా విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించాడు. క్యాసెట్టును మొదటికి తిప్పి లోపల పెట్టాడు.

అందులో ఉన్నది అతని తల్లి చిలుకమ్మ పాడిన బతుకమ్మ పాట. వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె వెనకే అందుకునేవాళ్లు. నిరుడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క చోటే. నిన్న సద్దుల బతుకమ్మ నాడు కూడా గడప దాటని ముసలమ్మ, ఈ రోజు తన పాట పెట్టమని సైగ చేసింది.

అప్పటికే భార్య పద్మ పూజకని టేపురికార్డరు డబ్బాకు దట్టంగా పసుపు పూసి, బొట్లు పెట్టి, అక్షింతలు చల్లింది. రాయమల్లు బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ. క్యాసెట్టు తీసి చూద్దామంటే మూత తెరుచుకోదు.

"పొద్దుగాల మంచిగ మోగింది గద, ఎందుకు ఇప్పినవ్?" అంది పద్మ.

"నువ్వు జర ఊకో. మూత మీది అద్దం కనవడకుంట పసుపు పూసినవ్. లోపట చక్రం తిరుగుతాందో లేదో ఎట్ల తెల్వాలె? తుడుస్త."

"పూజ బొట్టు పండుగ పూట తుడుస్తవా? ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ!"

తుడవడానికి అతనికీ చేతులు రాలేదు. సాయంత్రం దాకా నొక్కాడు, చరిచాడు, ఆ డబ్బాను చేసినవాడి ఏడు తరాలనూ తిట్టాడు. "నీ పాడుగాను, నోరు తెరువే!" అని అరిచాడు. తల్లి మంచం మీద నుంచి చూస్తుంటే సిగ్గుతో, కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరికి కత్తిమొన పెట్టి లేపితే మూత వచ్చింది. సందులో ఇరుక్కున్న అక్షింత గింజ రాలింది. అసలు తప్పు అప్పుడు కనబడింది. తను బిగించిన స్ప్రింగు పక్కకు జరిగి, పాట బటన్ నొక్కినప్పుడల్లా రికార్డు చేసే ఎర్ర బటన్ కూడా దిగుతోంది. కోపంలో చూసుకోలేదు. రాయమల్లు స్ప్రింగు సరిచేసి, టేపును మొదటికి తిప్పి బటన్ నొక్కాడు.

డబ్బాలోంచి పద్మ సాధింపు, దాని వెనకే అతని తిట్లు. వాటి కింద పాట మొత్తం చెరిగిపోయింది.

ఆపబోయాడు. చిలుకమ్మ అతని చేయి పట్టుకుని వద్దని తల ఊపింది. ఈ తిట్లు అయిపోయాక తన పాట వస్తుందని ఆమె ఎదురుచూస్తోంది.