నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కాలి?

2022వ సంవత్సరం. వానలు ఆగి వాగులు సన్నబడే నెలలు. షాదీపూర్‌లో నేను డీజిల్ ఇంజన్ల రిపేరు షాపు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలు మోసుకుని, అందరూ హిందీ మాట్లాడే ఈ దీవులకు వచ్చాడు, నాన్న డింగీ, అంటే చిన్న ఇంజన్ పడవ, నడిపాడు. నాకు సముద్రం పడలేదు. ఒడ్డున కూర్చుని ఆ డింగీల ఇంజన్లు బాగుచేయడం నేర్చుకున్నాను. చేతికి గ్రీజు, ముక్కుకు డీజిల్ వాసన, ఈ రెండూ ఇక నాతోనే పోతాయి.

ఆ ఏడాది షాపుకు వచ్చిన ప్రతివాడిదీ ఒకటే గోల, డీజిల్ ధర. ఇక్కడ ఉల్లిపాయ తినాలన్నా ఓడ రావాలి. డీజిల్ పెరిగితే ముందు ఓడ కిరాయి, ఆ తర్వాత బజారు ధరలు పెరుగుతాయి, ఆఖరికి లంబాలైన్ వెళ్ళే ఆటోవాడు కూడా రేటు మార్చేస్తాడు. మిన్నీ బే డింగీవాళ్ళు "తక్కువ తాగేలా సెయ్యి భయ్యా" అని నా ప్రాణం తోడేసేవారు. దానికి నా దగ్గర ఒక చిట్కా ఉండేది. ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే భాగాన్ని గవర్నర్ అంటాం. దాని స్క్రూ బిగించి సీలు తీగ చుడితే, ఇంజన్ ఒక వేగం దాటి పరుగెత్తదు. డింగీ కాస్త ఆలస్యంగా ఒడ్డు చేరుతుంది గానీ డీజిల్ నిజంగానే మిగులుతుంది. చేయించుకున్నవాళ్ళంతా దండం పెట్టి వెళ్ళారు. నాకూ కొంచెం తలకెక్కింది.

అలాంటప్పుడు ఒకరోజు సింహాచలం తన పంపుసెట్టును ఆటోలో వేసుకొచ్చాడు. ఊరి బయట కొండవాలులో భూమి కౌలుకు తీసుకుని, భార్యతో కలిసి కూరగాయలు పండించే మనిషి. కింద వాగు, పైన మడులు. మళ్ళీ వానలు పడేదాకా ఆ మొక్కలకు పంపే దిక్కు.

"బహుత్ పీతా హై భయ్యా ఇది, తెగ తాగేస్తంది. మేం టీ మానేసినా పర్నేదు గానీ దీనికి మాత్రం పొద్దున్నే పొయ్యాల. డింగీలకి ఏటో సేస్తన్నావంట గదా, దీనికీ సేసీ."

చేశాను. షాపులోనే ఒక డ్రమ్ములోంచి పక్క డ్రమ్ములోకి నీళ్ళు తోడించి చూపించాను. దబదబా పడ్డాయి. ఇంజన్ చప్పుడు కూడా మెత్తబడింది. సింహాచలం సంతోషంగా తీసుకెళ్ళాడు.

మూడు వారాల తర్వాత అతని భార్య పార్వతమ్మ ఫోన్ చేసింది. "భయ్యా, పై మడికి నీళ్ళు ఎక్కట్నేదు. ఇంజన్ బాగానే ఉంది, వాగే ఎండిపోతందంటాడు మా ఆయన. నాకు నమ్మకం నేదు. ఓపాలి ఒచ్చి సూడు."

వెళ్ళేసరికి ఇంజన్ నడుస్తోంది. సింహాచలం నడుంలోతు నీళ్ళలో నిలబడి, వాగు అడుగున ఇసుక తవ్వి గట్టున పోస్తున్నాడు. కింది మడిలో చిక్కుడు పచ్చగా ఉంది. నడిమి మడిలో బెండ వాడిపోతోంది. రెండంతస్తుల మేడంత ఎత్తున కాకర పందిరి ఉంది. దాని దగ్గర పైపు మూతి పొడిగా ఉంది. పార్వతమ్మ రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలతో ఆ వాలు ఎక్కుతోంది. అరచేతులకు గుడ్డలు చుట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి దీదీ ఇలా?"

"నువ్వు ఇంజన్ బాగుసేసిచ్చిన వారం నుంచీ" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

పైపంతా తడిమి చూశాను, ఎక్కడా కారడం లేదు. నీళ్ళలో మునిగే ఫుట్ వాల్వ్ కూడా బాగానే ఉంది. అప్పుడు ఇంజన్ పక్కన రాయి మీద కూర్చుని కాకర పందిరి వైపు తలెత్తి చూశాను. తప్పెక్కడో అప్పుడు తెలిసింది.

పంపు నీళ్ళను ఎత్తాల్సిన ఎత్తును హెడ్ అంటాం. వేగం కొంచెం తగ్గినా, పంపు ఎత్తగలిగే ఎత్తు చాలా తగ్గిపోతుంది. నాకు తెలియని సంగతి కాదు. కానీ చేపలవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఇంజన్ అంటే పడవే. సముద్రంలో పడవ కొండ ఎక్కక్కర్లేదు. నా రెండు డ్రమ్ముల మధ్యా ఎత్తు లేదు. సింహాచలం మునుపు గంటలో ముగించే తడికి ఇప్పుడు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఇంజన్ నడుపుతున్నాడు. తక్కువ తాగాలని నేను నోరు కట్టిన ఇంజన్ రోజు మొత్తం మీద మునుపటికంటే ఎక్కువే తాగుతోంది.

"తప్పు వాగుది కాదు దీదీ. నేను బిగించిన స్క్రూది. నాది" అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె డబ్బాలు దించి, "మేం అడిగిందే గదా సేసావు" అంది. వాగులో సింహాచలం పార ఆపాడు. "మరైతే ఇన్నాళ్ళూ ఇదంతా ఊరికే తవ్వేనేటి?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

సీలు తీగ తెంపి స్క్రూ విప్పాను. ఇంజన్ గట్టిగా అందుకుంది. పైపు వణికింది. ముగ్గురం పైకి ఎక్కేసరికి కాకర పందిరి కింద నీళ్ళు ధారగా పడుతున్నాయి. పార్వతమ్మ చేతుల గుడ్డలు విప్పి ధార కింద పెట్టుకుంది. సింహాచలం ఒక కాకర తీగ పట్టుకున్నాడు. అది పొడిపొడిగా రాలింది. ఇంకోటి పట్టుకున్నాడు, అదీ అంతే.

పార్వతమ్మ కాసేపు ఆ ధారను చూసి, "కిందకెళ్ళి ఆపీ భయ్యా. ఇక్కడ తడపడానికి ఏటీ నేదు. డీజిల్ అయిపోద్ది" అంది. నేనే దిగి ఇంజన్ ఆపాను.

ఆ తర్వాత వాళ్ళు పై మడి వెయ్యలేదు. కాకరకాయ వాళ్ళూ బజారులోనే కొంటున్నారట, అదీ ఓడలో వచ్చినదే. ఇంజన్ ఎక్కడ పనిచేస్తుందో చూడకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదని నేను అంత ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పంపుసెట్టు తెచ్చి తక్కువ తాగేలా చెయ్యమంటే, ముందు నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కాలని అడుగుతాను. ఎత్తు ఎక్కువైతే స్క్రూ ముట్టుకోను. కొందరు విసుక్కుని ఇంకో షాపుకు వెళ్ళిపోతారు. అక్కడ వాళ్ళకు రెండు డ్రమ్ములు పెట్టి చూపిస్తారు.