తొమ్మిది మీద ఇద్దరు

కంప్యూటర్లు మొండికేసినప్పుడు జనం నన్ను పిలుస్తారు. బాగుచేశాక, అసలు పాడుచేసింది నేనే అన్నట్టు చూస్తారు. ఇన్నేళ్లలో ఈ పని నాకు సంపాదించిపెట్టిన మర్యాద అంతే.

జనగామలో ఒక డాక్టరుకు స్కానింగ్ సెంటర్ ఉంది. మహబూబాబాద్‌లో ఒక బ్రాంచి, భూపాలపల్లిలో ఇంకొకటి. రెండు బ్రాంచీల్లోనూ ఒక్కో సర్వర్ పెట్టాం. ఒకే ఇంట్లో నలుగురు కిరాయిదార్లు ఉన్నట్టు, ఆ ఒక్క పెట్టెలో నాలుగు వర్చువల్ మెషిన్లు కాపురం చేస్తాయి. రోగుల పాత స్కాన్‌లన్నీ అందులో ఒకదాంట్లో ఉంటాయి. వాటికి నకళ్లు తీసుకోవడానికి జనగామలో కొత్తగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. మహబూబాబాద్ నకలు వచ్చింది. భూపాలపల్లి నుంచి ఒక్కటీ రాలేదు.

ఆ డాక్టరు సారుకు తొమ్మిది పిచ్చి. కారు నంబరు చివర తొమ్మిది, ఫోను నంబరు చివర తొమ్మిది. సర్వర్ల ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో వాటి ఇంటి నంబరు, దాని చివర కూడా తొమ్మిదే ఉండాలన్నాడు. ఏ ఊరి నెట్‌వర్క్ ఆ ఊరిదే కాబట్టి నష్టమేమీ లేదని అలాగే పెట్టాను.

ఒక పొద్దున భూపాలపల్లి కౌంటర్‌లో కూర్చునే అక్క ఫోన్ చేసింది. పాత స్కాన్‌లు తెరుచుకోవడం లేదట, సర్వర్ మీద ఎర్రలైటు వెలుగుతోందట. అంటే డిస్కు చావుకు దగ్గరపడింది, స్కాన్‌లు ఉన్న వర్చువల్ మెషిన్ బిగుసుకుపోయింది. ఆమె బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. అది పెరిగిందో లేదో తేల్చడానికి పాత స్కాన్ తెమ్మని హైదరాబాద్‌లో డాక్టర్లు చెప్పారు. మర్నాడే ప్రయాణం.

"అన్నా, గా స్కాన్ పోతే మా బాపు సంగతి మల్ల మొదటికొస్తది. జర జూడు," అంది.

నకలు లేకుండా ఆ మెషిన్‌ను ఆపి లేపితే అది మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. ముందు బ్యాకప్ తీద్దామని నొక్కాను. కనెక్షన్ నిరాకరించబడింది అని వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. దారి తెగిపోతే అవతలి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. ఇక్కడ ఎవరో తలుపు దాకా వచ్చి, నా మొహం చూసి, పొమ్మంటున్నారు. పాస్‌వర్డ్ మార్చాను, ఫైర్‌వాల్ తెరిచాను, సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల వంశాన్ని తలుచుకున్నాను. లాభం లేక భూపాలపల్లి బస్సెక్కాను.

అక్కడికి చేరి సర్వర్ తెర చూస్తే, డిస్కు సంగతి అటుంచి పెట్టె నడుస్తూనే ఉంది, ఎవరినీ పొమ్మన్న జాడ లేదు. చిరాకొచ్చి దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, పక్క కంప్యూటర్ నుంచి అదే అడ్రసును పలకరించాను. పలికింది. తాళం వేసిన ఇంట్లోంచి ఎవరది అని వినబడ్డట్టయింది నాకు.

తల పైకెత్తితే మూలన కొత్త కెమెరా, దాని కింద రికార్డింగ్ పెట్టె. వారం కిందట బిగించారట. బిగించినతనికి ఫోన్ చేస్తే ఏ మాత్రం తొణకలేదు.

"సారు తొమ్మిదే పెట్టుమన్నడన్నా. తొమ్మిదే పెట్టిన," అన్నాడు.

ఒకే తొమ్మిది మీద ఇద్దరు కూర్చున్నారు. నా బ్యాకప్ సాఫ్ట్‌వేర్, సర్వరే అనుకుని కెమెరా పెట్టె తలుపు కొడుతోంది, అది నువ్వెవరని గెంటేస్తోంది. సారుకు చెప్పాను. కెమెరాలు తను రోజూ ఫోన్లో చూసుకుంటాడు కాబట్టి తొమ్మిది వాటికే ఉంచమన్నాడు, సర్వర్‌కు ఏదో ఒకటి ఇమ్మన్నాడు. ఒళ్లు మండింది. ఎనిమిది ఇచ్చాను. సారు లెక్కలో అది శని నంబరు, ఆ అంకె ఉన్న గదిలో కూడా దిగడు.

బ్యాకప్ మారుమాట లేకుండా కలిసింది. నకలు పూర్తయ్యేదాకా అక్క కుర్చీలో కూర్చోలేదు. అప్పుడు మెషిన్‌ను ఆపి లేపాను, లేచింది. బాపు పాత స్కాన్ తెర మీదికి రాగానే మొన్న తీసిన ఫిల్మును పక్కన పెట్టి చూసింది. ఏళ్లుగా అవే చూస్తున్న కళ్లు.

"గంతనే ఉన్నదన్నా. పెరగలే," అంది.

సారు ఫోన్ చేసి, అంతా తొమ్మిది మహిమ అన్నాడు. అవునన్నాను. సంచి సర్దుకుంటూ, ఎనిమిదని సారుకు తెలిస్తే గొడవ, కెమెరాలతనితో మాట్లాడి సర్వర్‌కు వేరే నంబరు పెడతానని అక్కతో అన్నాను. అక్క సర్వర్‌కు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నీకు దండం పెడ్త, గా ఎనిమిదిని మాత్రం ముట్టకు," అంది.

ముట్టలేదు.