అమ్మ ఇంట్లో లేదు

మొన్న మధ్యాహ్నం ఒకతను మా గేటు ముందు బైకు ఆపి, తాళాలు వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ ఇంటి నంబరు వెతుక్కుంటున్నాడు. పార్శిల్ తెచ్చినతను. ఆ సంగతి నా కళ్ళకు తెలుస్తూనే ఉంది, చేతులకు మాత్రం తెలియలేదు. అంట్లు తోముతున్న తడి చేతులతోనే వెళ్ళి లోపలి గడియ పెట్టేశాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నన్నొకసారి చూసి, గడియ తీసి, "అమ్మ ఇంట్లనే ఉంది, రండి" అని వీధి చివరిదాకా వినిపించేలా పిలిచింది. ఆ పార్శిల్లో కుక్కర్ రబ్బరు తప్ప ఏమీ లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే మాత్రం ఆ తాళాల చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

దాన్ని మొదటిసారి విన్నది తెలంగాణ రాష్ట్రం కోసం చేసిన సకల జనుల సమ్మె రోజుల్లో. ఎల్బీనగర్ నుంచి చంపాపేట్ పోయే దారిలో ఒక కాలనీలో, కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. బడులు మూసేశారు, బస్సులు డిపోలు దాటలేదు. దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవాలంటే షేర్ ఆటోలో డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చుని ఆయన్నే ఇరికించేవాళ్ళు. మా ఆయన ఆర్టీసీలో మెకానిక్. జీతం ఆగిపోయినా పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని డిపో ముందు వేసిన దీక్షా శిబిరానికి పోయేవాడు. నిరాహార దీక్షకు డబ్బా ఎందుకని అడిగితే, "రిలే దీక్ష గద, నా వంతు గురువారం" అనేవాడు. ఆ రోజు ఆయన అక్కడే ఉన్నాడు. నేను వెనక పెరట్లో బట్టలు పిండుతున్నాను. ముందు వైపు తాళాల చప్పుడు, ఆ వెంటనే ఒక మగ గొంతు వినిపించాయి. "అక్కులూ, అమ్మ ఉందా?"

అక్కులు అనేది మా అమ్మాయి పేరు కాదు. మా చిన్నోడికి నోరు తిరగక అక్కను అలా పిలిస్తే, ముద్దుకి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. బడిలో ఎవరికీ తెలియదు, చుట్టాల్లో సగం మందికి తెలియదు. ఆ పేరు ముక్కూ మొహం తెలియని మనిషి నోట వినగానే పిండుతున్న బట్ట అక్కడే వదిలేశాను. పరుగున వెళ్ళి చూస్తే తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన, వేలికి తాళాలతో, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, "బడి బందైంది కద, తమ్ముడు, నువ్వు ఇద్దరు ఇంట్లనే ఉంటున్నరా?" అని మా పిల్లను ప్రేమగా అడుగుతున్నాడు. రెండో ఆయన గేటు బయట బైకు దిగకుండా మా కిటికీల వంక చూస్తున్నాడు.

వాళ్ళు ఎందుకొచ్చారో నాకు తెలుసు. నల్గొండ నుంచి వచ్చిన మా మరిది కొన్నేళ్ళ కిందట ట్రాలీ ఆటో అప్పు మీద తీసుకున్నాడు. మా ఆయన జమానతు సంతకం పెట్టాడు. కొత్తపేట పళ్ళ మార్కెట్ నుంచి ఊరంతా బత్తాయిలు మోసిన ఆ ట్రాలీ, మా మరిది వాయిదాలు ఎగ్గొట్టగానే ఫైనాన్స్ వాళ్ళ చేతికి పోయింది. మా మరిది భివండీకి పోయాడు. బండి తీసుకుపోయారు కదా, లెక్క తీరిందనుకున్నాం. తీరలేదట. బండి ఎంతకు అమ్మారో చెప్పరు, మొత్తం అప్పు మాత్రం మేమే కట్టాలంటారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పగలు కూడా తలుపులు మూసే ఉండేవి. టీవీ గొంతు తగ్గించాను, కుక్కర్ విజిల్‌కి కూడా భయపడి గిన్నెలో అన్నం వార్చాను. డిగ్రీ చదివిన నేను, ఆరేళ్ళ పిల్లను ఎదురుగా నిలబెట్టి "అమ్మ ఇంట్లో లేదు" అని తడబడకుండా చెప్పడం నేర్పించాను. దాన్ని చూసి చిన్నోడూ నేర్చుకుని, వాళ్ళ నాన్న తలుపు కొట్టినా అదే చెప్పేవాడు. నాకు పోలీసుల భయం లేదు, కోర్టు భయం లేదు. కాలనీలో తెలిస్తే ఎట్లా అన్నదే భయం. ముఖ్యంగా పైన ఉండే ఓనరాంటీకి తెలిస్తే. ఆవిడది భీమవరం వైపు. ఊరంతా ఆంధ్ర, తెలంగాణ అని మాట్లాడుకుంటున్న రోజుల్లో మేమిద్దరం ఆ మాట మాత్రం రాకుండా కూరల గురించే మాట్లాడుకునేవాళ్ళం. అప్పులవాళ్ళు మెట్లెక్కి ఆవిడ దాకా పోతే ఇల్లు ఖాళీ చేయమంటుంది. జీతం లేని సమయంలో మాకు ఇంకో వాటా ఎవరిస్తారు?

ఆ వారంలోనే మా కాలనీ మొదట్లో ఉండే కమాన్ దగ్గర వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యి వెలిగించి, అక్కడే వండి, అక్కడే తిని, వచ్చే బండినల్లా ఆపడం. మైకు కట్టిన ఆటో, దాన్లోంచి పాటలు. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. మళ్ళీ ఆ చప్పుడు. తెల్ల చొక్కా ఆయన నా పక్కకు వంగి, నవ్వుతూనే అన్నాడు.

"ఇయ్యాల కాలనీవోళ్ళందరు ఈడనే ఉన్నరు. మైకు గూడ ఉంది. చెప్పమంటవా?"

మా పిల్లలిద్దరూ నా కొంగు పట్టుకుని ఉన్నారు. అలవాటు ప్రకారం చిన్నోడు ఆయన మొహం చూసి, "అమ్మ ఇంట్ల లేదు" అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే. వాడి ముఖం చూశాక ఇంక కూర్చోలేకపోయాను. కత్తిపీట మడిచి పక్కన పెట్టి, ఆటో దగ్గరికి నడిచి, పాటలు ఆపించి మైకు అడిగి తీసుకున్నాను. కాలేజీలో ఉపన్యాసం పోటీకి పేరిచ్చి జ్వరం వచ్చిందని ఎగ్గొట్టినదాన్ని.

"గా తెల్ల అంగీ ఆయన నా గురించి మీకు ఒక ముచ్చట చెప్తడంట. ఆయనకెందుకు తక్లీబు, నేనే చెప్త. మా మరిది ట్రాలీకి మా ఆయన జమానతు ఉన్నడు. మరిది కట్టలే. బండి వీళ్ళే ఎత్కపోయిన్రు. ఎంతకు అమ్మిన్రో చెప్తలేరు. లెక్క చెప్తే మిగిలింది కడ్తం, పారిపోం. గని నా బిడ్డను పేరువెట్టి పిలిస్తే ఊకోను."

పొయ్యి దగ్గర గంటె పట్టుకున్న పెద్దమ్మ, మా వీధిలో అందరికంటే పెద్దది, తాపీగా నా వైపు తిరిగింది.

"గిది మాకెరుకే బిడ్డా. అద్దుమ రాత్రి దొంగ లెక్క ఇల్లిల్లు తిరిగి చెప్పిపోయిండు. నువ్వే నోరిప్పుతవని సూస్తున్నం."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. నేను కిటికీలు మూసి కాపాడుకున్న రహస్యాన్ని ఆయన ఎప్పుడో కాలనీ అంతా ఉచితంగా పంచేశాడు. ఇక నన్ను బెదిరించడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ధర్నాలున్న రోజుల్లో బాల్కనీ కూడా దాటని ఓనరాంటీ, ఎప్పుడు దిగి వచ్చిందో, కమాన్ దగ్గర నిలబడి ఉంది. చేతిలో గోంగూర పచ్చడి జాడీ.

"మా ఇంటికీ వచ్చాడమ్మా. వీళ్ళని ఖాళీ చేయించమన్నాడు. ఏవయ్యా, అద్దె ఇచ్చేది మాకా, నీకా?"

"మా డ్యూటీ మేం చేస్తున్నం మేడం" అన్నాడాయన. గొంతు ముందున్నట్టు లేదు.

"చెయ్యి, ఎవలొద్దన్నరు. ముందుగాల గీ అన్నం జర కలుపు, అడుగంటుతది" అని పెద్దమ్మ గంటె ఆయన చేతిలో పెట్టింది. చుట్టూ అంతమంది ఆడవాళ్ళు. తాళాలు జేబులో వేసుకుని కలపక ఆయనకు తప్పలేదు. సరిగ్గా కలపలేదు, కొంచెం మాడింది. గోంగూర ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సమ్మె అయ్యాక నేనూ మా ఆయనా ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్ళి, ట్రాలీ అమ్మిన లెక్క చూపించేదాకా కుర్చీల్లోంచి లేవలేదు. మిగిలినది చాలా తక్కువని తేలింది, మెల్లగా తీర్చాం. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, మేము ఆ వాటా వదిలి మీర్‌పేట్ వచ్చాం. ఆ ఏళ్ళన్నీ ఎటు పోయాయో అనుకునేదాన్ని. కొన్ని మా అమ్మాయి గొంతులో ఉన్నాయని మొన్న గేటు దగ్గర తెలిసింది.

వంటావార్పు మరునాడు పొద్దున్నే తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి, కుక్కర్ పెట్టి, పిల్లలిద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టి అన్నాను:

"ఇకనుంచి ఎవరొచ్చి అడిగినా, అమ్మ ఇంట్లనే ఉందని చెప్పండి. గట్టిగ చెప్పండి."