న్యాయమూర్తి కోసం ప్రార్థన

గల్ఫ్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేను పనిచేసే పళ్ల క్లినిక్‌లో రిసెప్షన్ చూసేది ట్యునీషియా ఆవిడ. ఆమె అన్న వాళ్ల దేశంలో న్యాయమూర్తి. అధ్యక్షుడు ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపిన జడ్జీల్లో ఆయనా ఒకడు. కోర్టు చాలామందిని తిరిగి తీసుకోమన్నా ప్రభుత్వం లెక్కచేయలేదు. ఆయన నిరాహారదీక్షకు కూర్చున్నాడు.

ఒక గురువారం టీ తాగుతూ నన్ను అడిగింది. చెల్లీ అన్నట్టుగా నన్ను ఉఖ్తీ అంటుంది.

"ఉఖ్తీ, రేపు మీరు ప్రార్థనకు కూడుతారుగా. మా అన్న కోసం కూడా అడుగు. నీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదు."

వాళ్ల దేశం సంగతి అంతకుముందే చెప్పింది. విప్లవం తర్వాత రాసుకున్న రాజ్యాంగం అధికారాన్ని అధ్యక్షుడికీ పార్లమెంటుకూ పంచింది. ఈ అధ్యక్షుడు పార్లమెంటు గేటుకు సైన్యం బండి అడ్డం పెట్టించాడు, తర్వాత సభను రద్దు చేశాడు, కొత్త రాజ్యాంగం తనకు నచ్చినట్టు రాసుకున్నాడు. అందులో ఆయన్ని దించే దారే లేదు. దానికీ ప్రజాస్వామ్యమనే పేరు. రాజుల ముఖం మీదే తప్పు చెప్పిన ప్రవక్తల గురించి నేర్చుకుని పెరిగినదాన్ని, నాకు ఒళ్లు మండింది.

బుదైయాలో ఒక విల్లా హాలులో మా తెలుగు క్రైస్తవ సహవాసం. ఆ శుక్రవారం దేశాలను ఏలే అధికారుల కొరకు విజ్ఞాపన ప్రార్థన చేసే వంతు నాది. ఆ జడ్జి కోసమూ అడుగుతానని ముందుగా సంఘపెద్దకు చెప్పాను.

"ఆ జడ్జి సంగతి వదిలెయ్యమ్మా. అధ్యక్షుడికి జ్ఞానం ఇమ్మని చెయ్యి, సరిపోద్ది."

"జ్ఞానం లేక చేశాడా అయ్యగారూ? తెలివిగానే చేశాడు."

"బతకడానికొచ్చాం. ఇంకో దేశం గొడవ మనకెందుకు?"

"పస్తున్న మనిషి కోసం అడిగితే గొడవెలా అవుద్ది?"

"పళ్లు పీకేచోట పనిచేసి నీకూ పీకడం అలవాటైందమ్మా," అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

మా సంఘాల్లో ఎవరి ప్రార్థనైనా మరీ సాగితే పెద్దలు పాట ఎత్తుకుంటారు. మర్యాదగా నోరు మూయించే పద్ధతి అది. నా ప్రార్థన సాగనేలేదు. "ప్రభువా, నీతిగా తీర్పు తీర్చినందుకు పని పోగొట్టుకున్న ఆ మనిషిని" అన్నానో లేదో, పాట మొదలైంది. కీబోర్డు అందుకుంది. అందరూ చప్పట్లు. మైకు తీసేసుకున్నారు. మిగతాది పాట మీదుగా అరిచి చెప్పాను. ఎవరికీ వినపడలేదు.

మరునాడు ఆమె అడిగింది.

"మీవాళ్లు ప్రార్థించారా?"

"నేను చేశాను."

"మీవాళ్లు?"

"పాట పాడారు."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. అపాయింట్‌మెంట్లు చూసుకుంటూ అంది: "పార్లమెంటు మూసిన రాత్రి మా వీధిలోనూ సంబరంగా పాడారు. మా అమ్మ కూడా."

తర్వాత నన్ను విజ్ఞాపనకు పిలవడం మానేశారు. కూర్చున్నచోటే, పక్కవాళ్లకు వినపడేలా, ఆ జడ్జి కోసం అడుగుతున్నాను. నా పక్క కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి.